ఖర్చు తగ్గి, చెత్త తగ్గి, ఇల్లు చల్లగా ఉండాలంటే: నెల్లూరు, ప్రకాశం ఇళ్లకి ఒక గైడ్

పర్యావరణానికి మేలు చేసేలా ఇల్లు నడపాలి అనగానే ఈమధ్య అందరూ ముందు షాపింగ్ మొదలెడతన్నారు. వెదురు బ్రష్షు, స్టీలు స్ట్రా, చెట్టు బొమ్మేసిన గుడ్డసంచి, ఇంకేందేందో. కొంటే తప్పేం లేదు కానీ మన అసలు లెక్క ఆడ లేదబ్బా. మన రెండు ఉమ్మడి జిల్లాల్లో ఇంటికయ్యే ఖర్చు, ఇంటి వల్ల భూమికయ్యే నష్టం రెండూ ఎక్కువగా నీళ్ల దగ్గరా ఎండ దగ్గరా ఉంటాయి. సముద్రం పక్క ఊళ్లలో బోరు ఉప్పగా వస్తది, పడమర పక్క కనిగిరి, పామూరు, పొదిలి, ఇటు ఉదయగిరి, వరికుంటపాడు వైపు బోర్లలో ఫ్లోరైడ్, ఇక రోహిణి కార్తె వచ్చిందంటే మిద్దె ఇల్లు పొయ్యి మీద పెనమే. అందుకని ముందు నీళ్లు, తర్వాత మిద్దె, తర్వాత వంటింటి చెత్త, కరెంటు. మిగతావి పైపైన చెప్తా.

ఇంకో సంగతి, నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు జూన్‌లో వానలొచ్చే ఊళ్లకి రాసినవి. మనకి జూన్, జులైలో నాలుగు జల్లులు పడి పోతాయి, అసలు వాన అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. నెల్లూరులో ఏడాదికి పడేది సుమారు వెయ్యి మిల్లీమీటర్లు అనుకుంటే అందులో సగానికి పైగా ఆ మూడు నెలల్లోదే, అదీ వాయుగుండం పట్టినప్పుడు రెండు మూడు రోజుల్లో కుమ్మేసి పోతది. కాబట్టి మన క్యాలెండర్ ఇట్టా పెట్టుకోండి: సంక్రాంతి అయినాక మిద్దెకి సున్నం, ఎండాకాలంలో నేల ఎండి ఉన్నప్పుడు ఇంకుడు గుంత తవ్వకం, చిత్త కార్తె లోపు, అంటే అక్టోబరు మొదటి వారానికల్లా, పైపులూ ఫిల్టరూ రెడీ.

మొదట ఒక వారం ఊరికే చూడండి

ఏం కొనకండి, ఏం మార్చకండి. కరెంటు బిల్లులు పోయిన ఏడాదివి తీసి ఏ నెలలో ఎన్ని యూనిట్లు కాలినయ్యో ఒక కాగితం మీద రాయండి. చెత్తని ఒక వారం పాటు తడిది ఒక బకెట్లో, పొడిది ఒక సంచిలో వేసి చూడండి, తడి చెత్తే ఎక్కువ బరువు తూగుతది.

నీళ్లకి ఒక టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన ఉప్పులెన్నో చూపించేది, కొనుక్కోండి, రెండు మూడొందల్లో వస్తది. 500 లోపు చూపిస్తే తాగేదానికి బాగానే ఉన్నట్టు లెక్క, ఆ నీళ్లకి ఆర్వో ఫిల్టరు మిషన్ పెట్టడం చాలాసార్లు దండగే. కానీ ఒక మాట గట్టిగా చెప్తన్నా, టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు. మీటరు మీద 400 ఉండి కూడా ఫ్లోరైడ్ ఎక్కువుండొచ్చు. మెట్ట ప్రాంతం వాళ్లయితే ఒక బాటిల్లో నీళ్లు పట్టి ఆర్‌డబ్ల్యుఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లో టెస్ట్ చేయించండి. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపుంటే మంచిది, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. అది దాటితే తాగేదానికీ వంటకీ ఆ బోరు నీళ్లు వద్దు. కాచితే పోతదిలే అనుకుంటారు చాలామంది, పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడతది.

మిద్దె మీద వాన నీళ్లు పట్టడం

ఇదే ఈ మొత్తంలో పెద్ద పని, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. మన అంకణం లెక్కలోనే చెప్తా. నెల్లూరు అంకణం అంటే 72 చదరపు అడుగులు. 15 అంకణాల స్లాబు ఉంటే సుమారు 100 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే 50 మిల్లీమీటర్ల వానకి 5,000 లీటర్లు, చిందిందీ ఇంకిందీ పోను 4,000 చేతికొస్తాయి. నలుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకీ కలిపి రోజుకి 15 లీటర్లు వేసుకుంటే, జనవరి నుంచి ఆగస్టు దాకా 240 రోజులకి 3,600 లీటర్లు. ఒక్క మంచి వాయుగుండంతో ఆ నీళ్లు మిద్దె మీద నుంచి దొర్లి కాలవలోకి పోతన్నాయి, మనమేమో క్యాన్లు కొంటన్నాం. వాన నీళ్లలో ఫ్లోరైడ్ ఉండదు, ఉప్పూ ఉండదు.

స్నానాలకీ బట్టలకీ కూడా వాన నీళ్లే నిలవ చేద్దాం అని పెద్ద పెద్ద ట్యాంకులు కట్టకండి, సిమెంటుకయ్యే ఖర్చు తిరిగి రాదు. తాగే నీళ్ల మటుకు నాలుగైదు వేల లీటర్ల సంపో, ట్యాంకో చాలు, మిగతాదంతా భూమిలోకి పంపించండి.

పని ఇట్టా చేయించండి. మిద్దె మీద పాత సామాన్లు, పూలకుండీల మట్టి, పావురాల రెట్టలు అన్నీ తీసి కడిగించండి. నీళ్లు ఎటు వాలతన్నాయో బకెట్ నీళ్లు పోసి చూడండి, ఆ మూలన ఉన్న తూముకి జాలీ పెట్టి నాలుగంగుళాల పీవీసీ పైపు కిందికి దించండి. పైపు సంపు వైపు తిరిగే చోట ఒక టీ జాయింటు (మూడు మూతులున్నది) పెట్టి, కిందికి పోయే పాయకి బాల్ వాల్వ్ బిగించండి. వాన మొదలైన పది పదిహేను నిమిషాలు ఆ వాల్వ్ తీసే ఉంచాలి, దుమ్మంతా కొట్టుకపోతది, తర్వాత మూసేస్తే నీళ్లు ఫిల్టరుకి పోతాయి. అర్ధరాత్రి వానొస్తే ఎవరు లేస్తారు అంటారా, అప్పుడు వాల్వ్ కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, పైపుని దాని మూతకి గాలి తగలకుండా బిగించండి, మొదటి మురికి నీళ్లు డ్రమ్ములో నిండినాకే మిగతాది సంపు దారి పడతది. డ్రమ్ము నీళ్లు పొద్దున చెట్లకి పోసి ఖాళీ చేసుకోవాలి, లేకపోతే తర్వాతి వానకి పని చేయదు.

ఫిల్టరు కూడా పాత ప్లాస్టిక్ డ్రమ్ముతోనే చేసుకోవచ్చు. అడుగున 40 ఎంఎం కంకర, దాని మీద 20 ఎంఎం, తర్వాత కడిగిన బొగ్గు, దాని మీద నైలాన్ మెష్, పైన బాగా కడిగిన ఏటి ఇసుక. ఇసుకలో మట్టి ఉంటే మొదటి వానకే పూడిపోతది, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. సముద్రపు ఇసుక మాత్రం వద్దు, ఉప్పు దిగతది.

సంపుకి వెలుతురు పడకూడదు, పడితే పాచి. మూత బిగుతుగా ఉండాలి, ఓవర్‌ఫ్లో పైపు మూతికి దోమల మెష్ కట్టాలి, లేకపోతే డెంగీ దోమల్ని మనమే పెంచినట్టు. నిండినాక వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పౌడరు ఒక చెంబు నీళ్లలో కలిపి, పైన తేట మాత్రం పోయండి, గంట ఆగి వాడుకోండి. తాగేవి కాచుకుంటే ఇంకా మంచిది.

ఓవర్‌ఫ్లోని ఇంకుడు గుంతకి కలపాలి. ఆరడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఐదారడుగుల లోతు సరిపోతది. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో కంకర, పైన ఇసుక. చీమకుర్తి చుట్టుపక్కల వాళ్లకి గ్రానైట్ ముక్కలు సులువుగా దొరుకుతాయి, అవే అడుగున వేయండి. గోడ పునాదికి, ముఖ్యంగా సెప్టిక్ ట్యాంకుకి పదిహేను అడుగులన్నా దూరం ఉండాలి. నల్లరేగడి నేలయితే నీళ్లు తొందరగా ఇంకవు, మధ్యలో ఆగర్‌తో (నేలని తొలిచే బరమాతో) ఒక బొక్క వేయించి లోతుకి దించితేనే పని జరుగుద్ది. మైపాడు లాంటి తీరం పక్కన నాలుగడుగుల్లోనే నీళ్లు తగిలే ఇసుక నేలల్లో గుంతే అవసరం లేదు, సిమెంటు గచ్చు వేయకుండా వాకిలి మట్టిగా వదిలేస్తే అదే ఇంకుద్ది. తీరం పక్కన వాన నీళ్లు ఇంకడం వల్ల ఇంకో లాభం, భూమిలో మంచినీళ్ల మట్టం తగ్గే కొద్దీ సముద్రపు ఉప్పునీరు లోపలికి తోసుకొస్తది, ఇంకే నీళ్లు దాన్ని వెనక్కి నెట్టి ఉంచుతాయి.

ఆర్వో ఉన్నవాళ్లకి ఒక ముక్క. ఒక లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. ఆ పైపుని ఒక బకెట్లో పెట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి వాడండి. చెట్లకి వద్దు, బోరులో ఉన్న ఉప్పంతా అందులోకే చేరి ఉంటది. బియ్యం కడుగు, కూరగాయలు కడిగిన నీళ్లు, ఏసీ నీళ్లు మాత్రం నిక్షేపంగా పోయొచ్చు.

సంక్రాంతి తర్వాత మిద్దెకి సున్నం

ఏసీ కొనే ముందు మిద్దెకి తెల్లగా సున్నం వేయించండి. నల్లబడ్డ స్లాబు ఎండనంతా పీల్చుకుని రాత్రి పన్నెండింటికి కూడా గదిలోకి వదలతా ఉంటది, తెల్లదైతే చాలావరకు వెనక్కి కొట్టేస్తది. పై అంతస్తు గదిలో రెండు మూడు డిగ్రీలు తగ్గినా నిద్ర పడుతది.

పొడి సున్నం కాకుండా రాయి సున్నం తెస్తే ముందురోజు రాత్రి ఇనప డ్రమ్ములో నానబెట్టండి, నీళ్లు పోయగానే కుతకుతా ఉడుకుద్ది, ప్లాస్టిక్ బకెట్ మెత్తబడిపోతది, పిల్లల్ని దగ్గరికి రానీయకండి, కళ్లకి అద్దాలు పెట్టుకోండి. పొద్దున బట్టలో వడకట్టి గోడకి వేసేదానికంటే కాస్త చిక్కగా కలపండి. మిద్దె కడిగి, తడి మీదే సాయంత్రం పూట చీపురుతోనో పెద్ద బ్రష్షుతోనో ఒక కోటు, మర్నాడు దానికి అడ్డంగా ఇంకో కోటు, ఆ తర్వాత రెండు రోజులు లైట్‌గా నీళ్లు చల్లండి, రాలకుండా పట్టుకుంటది. గట్టిగా ఉంటదని కొంతమంది ఫెవికాల్, తెల్ల సిమెంటు కలుపుతారు. కానీ ఆ మిద్దె నీళ్లు తాగేవాళ్లు ఉత్త సున్నమే వేయండి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే జల్లులన్నీ బయటికే వదిలేయండి, అక్టోబరుకి మిద్దె శుభ్రంగా ఉంటది. ఏటా వేయాల్సిందే, నవంబరు వానలకి సగం పోద్ది.

పడమటి గోడకి ఎండ తగలకుండా తాటాకు పందిరో, తీగ పాదో పెట్టండి. వట్టివేళ్ల తడకలు, కూలర్లు మాత్రం ఊరిని బట్టి. గాలి పొడిగా ఉండే కనిగిరి, పొదిలి వైపు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. నెల్లూరు, కావలి, సింగరాయకొండ వైపు సముద్రపు గాలిలోనే తేమ ఎక్కువ, ఆడ కూలర్ వేస్తే ఒళ్లు జిగటే తప్ప చల్లదనం తక్కువ, ఫ్యాను పెట్టి కిటికీలు తీసుకోవడం మేలు.

వంటింటి చెత్త, ముఖ్యంగా చేపల చెత్త

తడి చెత్త ఇంట్లోనే ఎరువైపోతే మున్సిపాలిటీ బండి రెండు రోజులు రాకపోయినా ఇల్లు వాసన కొట్టదు. పాత 20 లీటర్ల పెయింట్ బకెట్లు రెండు తీసుకుని చుట్టూ, అడుగున కాల్చిన మేకుతో బొక్కలు పెట్టండి. అడుగున రెండంగుళాలు ఎండాకులు. దాని మీద రోజూ తరిగిన తొక్కలు, వాడిన టీపొడి, పూజ పూలు. తడి ఒక వంతు వేస్తే పొడి రెండు వంతులు వేయాలి, ఇదే అసలు సూత్రం, ఎవరికైనా కంపు కొట్టిందంటే ఇక్కడ తేడా వచ్చిందన్నమాట. పొడి ఎక్కడ తేవాలా అని ఆలోచించక్కర్లేదు, నెల్లూరు చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో ఊక, శనక్కాయల పొట్టు, కొబ్బరి పొట్టు, ఏదైనా సరే. ఊక తొందరగా కుళ్లదు గానీ తడిని బాగా పీలుస్తది, అందుకని ఆకులూ ఊకా కలిపి వేయండి. మొదట్లో ఒక గ్లాసు పులిసిన మజ్జిగో, పేడ నీళ్లో చల్లితే పని తొందరగా మొదలవుద్ది. వారానికి రెండుసార్లు కర్రతో తిప్పండి. కంపు కొడితే ఊక వేయండి, ఎండిపోతే నీళ్లు చల్లండి, తెల్ల పురుగులు కనపడితే కంగారు పడకండి, అవి తిని అరిగించే పనిలో ఉంటాయి. ఒకటి నిండినాక మూతపెట్టి పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి, రెండు మూడు నెలల్లో మొదటిది నల్లగా, మట్టి వాసనతో తయారవుద్ది. మేలో నీడలో పెట్టకపోతే ఎండి గట్టిపడిపోద్ది, నవంబరులో వానలో పెడితే పేస్టు అవుద్ది.

ఈ బకెట్లో వండిన అన్నం, ఎముకలు, చేపలు వేయకూడదు. మరి నెల్లూరు ఇంట్లో చేపల పొలుసు, మొప్పలు, రొయ్యల తలకాయలు ఏం చేయాలి? అన్ని గైడ్లూ మాంసం వేయొద్దు అని ఊరుకుంటాయి, మనకి అది సమాధానం కాదు కదా. రెండు దార్లున్నాయి. పెరడు ఉంటే కొబ్బరి చెట్టుకో, అరటికో, మునక్కో మొదలుకి రెండు మూడు అడుగుల దూరంగా అడుగున్నర లోతు గుంత తీసి వేసి, గుప్పెడు ఊక చల్లి పూడ్చి పైన రాయి పెట్టండి, రాయి పెట్టకపోతే కుక్కలు రాత్రికే తవ్వేస్తాయి. పెరడు లేకపోతే చేప చెత్త ఎంత బరువుందో అంతే బరువు బెల్లం, చవక నల్లబెల్లం చాలు, రెండూ కలిపి ప్లాస్టిక్ డబ్బాలో సగానికి పైగా నిండకుండా వేసి, మూత గట్టిగా బిగించకుండా బట్ట కట్టి నీడలో మూడు నాలుగు వారాలు వదిలేయండి. బెల్లం సరిపోతే కుళ్లు వాసన ఉండదు, పులిసిన తీపి వాసనొస్తది, కుళ్లు కంపొస్తే ఇంకాస్త బెల్లం వేయండి. వడకట్టి లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు కలిపి మొక్కలకి కొట్టొచ్చు. మిద్దె మీద గోంగూర, బచ్చలి, తోటకూర కుండీల్లో పెంచేవాళ్లకి ఇది ఉంటే యూరియా జోలికి పోనక్కర్లేదు. ఉప్పు నీళ్లున్న ఊళ్లలో పెరట్లోకి కొబ్బరి, సపోటా తట్టుకుంటాయి.

పొడి చెత్త, ఫంక్షన్లు

పాల ప్యాకెట్లు ఓ మూల మాత్రం కత్తిరించి, ఆ ముక్క ఊడకుండా చూసి, కడిగి ఆరబెట్టి దాచండి, పాత సామాన్ల కొట్టువాళ్లు కిలోల లెక్కన తీసుకుంటారు. బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, కాలం తీరిన మందులు విడి డబ్బాలో. ప్లాస్టిక్‌ని వాకిట్లో ఆకులతో కలిపి తగలబెట్టడం మాత్రం మానేయండి, చలికాలం పొద్దున్నే ఆ పొగ ఇంట్లోకే వస్తది.

ఏడాది మొత్తం ఇంట్లో తగ్గించింది ఒక్క ఫంక్షన్‌లో ఖర్చైపోద్ది. థర్మకోల్ ప్లేట్లు, ప్లాస్టిక్ స్పూన్లు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం, అయినా అమ్ముతానే ఉన్నారు. పేపర్ గ్లాసు అనుకునేదానికి కూడా లోపల ప్లాస్టిక్ పూత ఉంటది, ఎరువులో వేస్తే పూత అట్టానే మిగులుద్ది. షామియానా సప్లయర్స్ దగ్గర స్టీలు గ్లాసులు అద్దెకి దొరుకుతాయి, కడిగేదానికి ఒక మనిషి కూలీ కలిపినా పెద్ద తేడా ఉండదు. అరిటాకులు, లేదంటే నల్లమల వైపు నుంచి వచ్చే మోదుగాకు విస్తళ్లు వేయండి. తిన్నాక ఆవులకో ఎరువుకో పోతాయి.

అంట్లకి కొబ్బరి పీచు, తలకి కుంకుడుకాయ, ఇవి మీకు నేను చెప్పేదేంది, మీ అమ్మమ్మలకి తెలుసు. నాన్‌స్టిక్ పెనం మీద గీతలు పడకుండా ఉదయగిరి చెక్క గరిటెలు వాడుకోండి, కడగ్గానే ఆరబెట్టి అప్పుడప్పుడు కాస్త నూనె రాస్తే ఏళ్ల తరబడి ఉంటాయి.

కరెంటు, చివరికి సోలార్

కృష్ణపట్నం పక్కన నేలటూరులో 800 మెగావాట్ల బొగ్గు యూనిట్లు ఉన్నాయి కదా, బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తయారైతే సుమారు కిలో దాకా కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతది. కాబట్టి ముందు వాడకం తగ్గించి ఆ తర్వాతే సోలార్‌కి పోండి, లేకపోతే అవసరం లేని పెద్ద సిస్టం కొంటారు.

మన ఊళ్లలో ఫ్యాను ఇరవై గంటలు తిరుగుతది. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ అని తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు ఫ్యాను 30. తేడా 45 వాట్లు, రోజుకి 0.9 యూనిట్, నెలకి ఒక్క ఫ్యానుకే 27 యూనిట్లు. ఇంట్లో అన్నీ ఒకేసారి మార్చక్కర్లేదు, హాల్లో, పడగ్గదిలో ఎక్కువ తిరిగేవి ముందు మార్చండి. ఎలక్ట్రీషియన్‌తో చెప్పి పాత రెగ్యులేటర్ తీయించేయండి, దాంతో నడిపితే బీఎల్‌డీసీ పాడవుద్ది. ఏసీ 24 దగ్గర పెట్టి ఫ్యాను కూడా వేసుకోండి, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుద్దని కేంద్ర కరెంటు పొదుపు సంస్థ బీఈఈ లెక్క.

సోలార్‌కి ఇప్పుడు పీఎం సూర్యఘర్ పథకం ఉంది, 2024 ఫిబ్రవరిలో మొదలైంది. 1 కిలోవాట్‌కి 30,000, రెండిటికి 60,000, మూడు ఆపైన ఎంతైనా 78,000 రూపాయల సబ్సిడీ. 1 కిలోవాట్ రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తది, 3 కిలోవాట్లు పెడితే నెలకి 350 దాకా. దానికి నీడ పడని నాలుగైదు అంకణాల మిద్దె కావాలి. అప్లికేషన్ నేషనల్ పోర్టల్‌లో, కరెంటు బిల్లు మీదున్న సర్వీసు నంబర్‌తో. నెల్లూరు వాళ్లు కరెంటు కంపెనీ పేరు దగ్గర ఏపీఎస్పీడీసీఎల్, ఒంగోలు వాళ్లు ఏపీసీపీడీసీఎల్ ఎంచుకోవాలి. పోర్టల్ లిస్టులో ఉన్న వెండర్ దగ్గరే చేయించండి, నెట్ మీటర్ (మనం లైనుకి పంపిన కరెంటు కూడా లెక్కేసేది) పెట్టి ఇన్‌స్పెక్షన్ అయినాక సబ్సిడీ మీ బ్యాంకు ఖాతాలో పడతది. సర్వీసు, ఖాతా, ఆధార్ మూడిట్లో పేరు ఒకటేనా లేదా ముందే చూసుకోండి, తాత పేరు మీదున్న మీటర్లతో పని ఆగిపోయేది ఇక్కడే.

సముద్రానికి దగ్గర్లో ఉన్నవాళ్లు స్టాండు హాట్‌డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసింది) అని కొటేషన్‌లో రాయించుకోండి, మామూలు ఇనుముకి పెయింటేసినవి ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడతాయి. తుఫాన్లొచ్చే ఊరు కాబట్టి బోల్టులు స్లాబులోకి ఎంత లోతు దిగాయో దగ్గరుండి చూడండి. ప్యానెళ్ల మీద దుమ్ము రెండు వారాలకొకసారి కడగాలి, ఎండెక్కక ముందే, గాజు కాలి ఉన్నప్పుడు చన్నీళ్లు పోయకూడదు. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే ఆరినాక తెల్ల మరకలు పట్టి కరెంటు తగ్గుద్ది, మున్సిపల్ కొళాయి నీళ్లో, వాన నీళ్లో ఒక రెండు బకెట్లు చాలు, మెత్తటి గుడ్డ కట్టిన కర్రతో తుడిచేయండి.